కొత్త బండి హబ్బులో గ్రీజు కారుతోందా? సీల్ ఒక్కటే మార్చి పంపించేయకండి

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, మేస్త్రి జవాబులు

ఈసారి ఉత్తరాల్లో హబ్బుల గొడవే ఎక్కువగా ఉంది. హబ్ అంటే బేరింగుల మీద తిరిగే చక్రం మధ్య భాగం, లోపలి గ్రీజు బయటికి రాకుండా ఆపే పెదవి ఉన్న రింగే సీల్. మొదటి ఉత్తరంలో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఉంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేస్త్రీగారూ, నమస్తే. మాది సాలూరు. సొంత బండి, నేనే డ్రైవర్ని. 12 టైర్ల లారీ, కొని 14 నెలలైంది, 90 వేల కిలోమీటర్లు దాటింది. విశాఖ–రాయపూర్ లైన్లో తిరుగుతున్నాను. పోయిన వారం తిరుగు లోడుతో వస్తూ సుంకి దగ్గర టీకి ఆగి టైర్లు చూసుకుంటుంటే, వెనక హౌసింగ్ (గేర్లు ఉండే వెనక ఇరుసు గొట్టం) ఎడమ వైపు లోపలి టైరు గోడ మీద నల్లటి జిడ్డు చారలు కనిపించాయి. రిమ్ము లోపలి అంచు కూడా తడిగా ఉంది. సర్వీస్ సెంటర్లో చూపిస్తే, ‘కొత్త సీల్ కదా, కాస్త గ్రీజు చెమరుస్తుంది, ఏమీ కాదు, తుడిచి నడుపుకోండి’ అన్నారు. మా ఊరి మెకానిక్ ‘హబ్ ఊడదీసి సీల్ మార్చేద్దాం, పూట పని’ అంటున్నాడు. బయట విప్పితే వారంటీ పోతుందని భయం. నెలాఖరుకి కిస్తీ కట్టాలి, బండి ఆపితే కుదరదు. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: ముందు ఒక్క మాట చెప్పి తర్వాత మిగతాది మాట్లాడతాను. ఇది తేలేదాకా లోడుతో ఘాట్ దిగకండి. కిస్తీ సంగతి నాకు తెలుసు, అయినా చెబుతున్నాను. మీ బండిలో హబ్ సీల్‌కీ బ్రేకు వేస్తే చక్రంతో తిరిగే డ్రమ్మును పట్టుకునే లైనర్లకీ మధ్య దూరం జానెడు కూడా ఉండదు. సీల్ దాటి బయటికొచ్చిన జిడ్డు టైరు గోడ దాకా చేరిందంటే, దారిలో ఉన్న డ్రమ్మును తడపకుండా వచ్చి ఉండదు. జిడ్డు పట్టిన లైనరు డ్రమ్మును పట్టుకోదు, జారుతుంది. ఎడమ చక్రం పట్టనప్పుడు దాని వంతు పని కూడా మిగతా చక్రాలే చేయాలి, అవి వేడెక్కుతాయి, కిందికి దిగేకొద్దీ వాటి పట్టు కూడా తగ్గుతుంది. పి.కోనవలస ఘాట్లో ఆ మలుపులు ఎలా ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు.

‘కొత్త సీల్ చెమరుస్తుంది’ అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. సీల్ బిగించేటప్పుడు దాని పెదవికి కాస్త గ్రీజు రాస్తారు, మొదటి రెండు మూడు వేల కిలోమీటర్లలో అందులో మిగులు బయటికొచ్చి, దాని మీద దుమ్ము పట్టి సన్నటి నల్ల ఉంగరంలా కనిపిస్తుంది. తుడిస్తే పోతుంది, మళ్లీ రాదు. 90 వేలు తిరిగిన బండికి, అదీ టైరు గోడ మీద చారలు కట్టేంతగా వస్తే అది చెమర్చడం కాదు, కారడమే.

అలాగని మీ ఊరి మెకానిక్ మాట విని నేరుగా సీల్ మార్చేయమని కూడా చెప్పను. సీల్ ఊరికే పోదు, దాన్ని ఏదో ఒకటి పోగొడుతుంది. ఆ ఏదో దొరక్కుండా కొత్త సీల్ కొడితే రెండు నెలలకి మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

అందుకే మొదటి పని, కారుతున్నది గ్రీజా, హౌసింగ్ గేర్లలో ఉండే క్రౌన్ ఆయిలా అన్నది తేల్చుకోవడం. చేతికి అంటించుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రిమ్ము లోపలి అంచు నుంచి కాస్త వేలితో తీసి బొటనవేలికి రాయండి. గ్రీజైతే వెన్నలా నిలబడుతుంది, వేళ్లు విడదీస్తే చిన్న ముక్కగా తెగిపోతుంది. క్రౌన్ ఆయిలైతే తీగలా సాగుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం కంపు కొడుతుంది, గేర్ ఆయిల్లో కలిపే మందుల వాసన అది, ఒకసారి తెలిస్తే మరిచిపోరు. ఇంకా అనుమానంగా ఉంటే తెల్ల కాగితం మీద కాస్త రాసి గంటసేపు వదిలేయండి. ఆయిల్ చుట్టూ బాగా విస్తరించి కాగితాన్ని అవతలికి కనిపించేలా చేస్తుంది, గ్రీజు ముద్ద ఉన్నచోటే ఉండి చుట్టూ సన్నని తడి మాత్రం వదులుతుంది. రెండూ కలిసి పల్చటి నల్ల గంజిలా ఉంటే మాత్రం క్రౌన్ ఆయిల్ హబ్బులోకి వచ్చి గ్రీజును కడిగేస్తోందని అర్థం. కొన్ని మోడళ్లలో వెనక బేరింగులకి క్రౌన్ ఆయిలే తడి, గ్రీజు ఉండదు. మీది ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అది చూడకుండా ఎవరి మాటా నమ్మకండి.

ఆయిల్ అని తేలితే వెంటనే హౌసింగ్ పైన ఉండే బ్రీదర్ చూడండి. వేలెడంత కూడా ఉండని చిన్న మూత, చాలామందికి అది అక్కడుందనే తెలియదు. బండి నడిస్తే హౌసింగ్ లోపల గాలి వేడెక్కి పెరుగుతుంది, ఆ గాలి బయటికి పోవడానికే ఆ మూత. అది మట్టితో పూడిపోతే గాలి దారి వెతుక్కుంటుంది, అన్నిటికంటే మెత్తగా ఉండేది సీల్ పెదవి కాబట్టి ఆయిల్‌ను నెట్టుకుంటూ అక్కడి నుంచి బయటపడుతుంది. ఆటోనగర్లో నేను పని చేసే రోజుల్లో ఒక టిప్పర్ వచ్చేది, గ్రావెల్ తోలే బండి. రెండు నెలల్లో మూడుసార్లు సీల్ మార్చాం. మూడోసారి ఓనరు కళ్లలో నీళ్లు తిరిగాయి, ‘నా బండికే ఎందుకిలా’ అని. నాలుగోసారి చక్రం విప్పకుండా ముందు హౌసింగ్ మీదికి ఎక్కి స్క్రూడ్రైవర్‌తో గోకితే ఎర్రమట్టి ఇటుక ముక్కలా పెళ్లలు పెళ్లలుగా ఊడింది, మూత కాస్త వదులు చేయగానే బుస్సుమని గాలి వచ్చి మొహానికి కొట్టింది. సీల్ మార్చి ఆ బ్రీదర్ శుభ్రం చేశాక ఆ బండి మళ్లీ ఆ పని మీద రాలేదు. మూడు సీళ్ల డబ్బు, మూడు రోజుల కిరాయి ఆయనకి నా వల్లే పోయాయి, ముందే చూడాల్సింది. అప్పటి నుంచి ఎవరు హబ్ లీకని వచ్చినా నేను మొదట చూసేది బ్రీదరే. ఘాట్ ఎక్కి దిగే బండికి హౌసింగ్ ఇంకా బాగా కాగుతుంది, మీరు కూడా బండి వేడిగా ఉన్నప్పుడే, కళ్లూ మొహం పక్కకి పెట్టి ఆ మూత కొంచెం వదులు చేసి చూడండి.

ఎడమ వైపే ఎందుకు అని మీకు అనిపించి ఉంటుంది. మన రోడ్డు ఎడమకి వాలు ఉంటుంది, దాబాల దగ్గర ఎడమ చక్రాలు మట్టిలోకి దిగేలా ఆపి రాత్రంతా పడుకుంటాం. హౌసింగ్‌లో ఆయిల్ పల్లం వైపు చేరి ఎడమ సీల్ మీద నిలబడుతుంది. లోపలి సీల్ బాగుంటే ఏమీ కాదు, కాస్త బలహీనపడితే మాత్రం ముందు బయటపడేది ఎడమ వైపే. క్రౌన్ ఆయిల్ లెవెల్ కంటే ఎక్కువ పోసినా ఇదే జరుగుతుంది. సమతలం మీద బండి పెట్టి లెవెల్ బోల్టు విప్పి చూస్తే తెలుస్తుంది, రంధ్రం అంచు దాకా ఉండాలి, ధార కట్టకూడదు.

కారేది అసలు గ్రీజే అని తేలితే లెక్క వేరు. హబ్ విప్పకముందే చూడాల్సింది ఇంకొకటి ఉంది, దీన్ని పెద్ద పెద్ద మేస్త్రీలు కూడా వదిలేస్తారు. బ్రేకు వేసినప్పుడు తిరిగి లైనర్లను డ్రమ్ము మీదికి నెట్టే క్యామ్ షాఫ్ట్‌కి గ్రీజు నిపిల్ ఉంటుంది కదా, సర్వీసులో కుర్రాళ్లు గన్ను పెట్టి బయటికి పొంగేదాకా కొడతారు. అక్కడి బుష్ సీల్ పోయినా, తిరగేసి బిగించినా ఆ గ్రీజు డ్రమ్ము లోపలికి పోతుంది. బయటి నుంచి చూస్తే అచ్చం హబ్ లీకు లాగే ఉంటుంది. డ్రమ్ము తీసినప్పుడు జిడ్డు మధ్యలో హబ్ వైపు నుంచి మొదలైందా, క్యామ్ ఉన్న పక్క నుంచి మొదలైందా అని చూస్తే తెలిసిపోతుంది. క్యామ్ గ్రీజుకి పాపం హబ్ సీల్‌ను మార్చి పంపిన బండ్లు నేను చాలా చూశాను.

అదీ కాదంటే బేరింగు ఆట చూడాలి. బండి ఖాళీ చేసి, సమతలం మీద పెట్టి, మిగతా చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, హౌసింగ్ కింద స్టాండు పెట్టాలి. రెండు టైర్ల కింద గడ్డపార పెట్టి పైకి లేపి వదులుతూ ఉంటే ఇంకొకరు హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. చేతికి తెలిసేంత కదలిక ఉంటే బేరింగు వదులైనట్టే. మామూలు టేపర్ బేరింగులకి ఉండాల్సిన ఆట మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ, అది కంటికి కనిపించదు, సన్నటి కదలికను కొలిచే డయల్ గేజీ పెట్టాల్సిందే. వదులైతే ప్రతి తిప్పుకీ హబ్ ఊగి సీల్ పెదవిని ఒక పక్క అరగదీస్తుంది. మరీ బిగిస్తే వేడెక్కి గ్రీజు కరిగి కారుతుంది. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పి వినండి. గరగర వినిపించినా, ఒక చోట పట్టేసి వదిలినట్టు అనిపించినా బేరింగు ట్రాకు మీద గుంట పడింది, అప్పుడు సీల్ మార్చి లాభం లేదు, బేరింగును కప్పుతో (బయటి రింగుతో) సహా మార్చాలి.

వేడి చూడటానికి ఘాట్ దిగిన వెంటనే చూస్తే ఏమీ తెలియదు, అన్ని డ్రమ్ములూ కాలుతూ ఉంటాయి. బొబ్బిలి నుంచి సాలూరు లాంటి చదును రోడ్డు మీద బ్రేకు తక్కువ వాడుతూ అరగంట నడిపి, ఆపి, అన్ని హబ్బుల దగ్గరా చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి పోల్చండి, ముందే ఆనించకండి. ఒకటి మిగతావాటి కంటే బాగా కాగుతుంటే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ కాగడం బేరింగుది కాకుండా బ్రేకు వదలకపోవడం వల్ల కూడా కావచ్చు. మామూలు లిథియం గ్రీజు 180–190 డిగ్రీల దగ్గర ముద్దగా ఉండలేక ద్రవమై జారుతుంది. లైనరుకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీని సరిచేసే స్లాక్ అడ్జస్టర్ పట్టేసి లైనరు డ్రమ్మును రాసుకుంటూ ఉంటే ఎంత మంచి సీలైనా నిలవదు.

ఇక విప్పే రోజున మీరు పక్కనే నిలబడి చూడాల్సినవి చెబుతాను. సీల్ కూర్చునే చోట యాక్సిల్ మీద ఉండే రింగుపై వేలిగోరు పెట్టి గీయండి. గోరు ఆగేంత గాడి ఉంటే కొత్త సీల్ అక్కడ పనిచేయదు, ఆ రింగు కూడా మార్చాలి. సీల్‌ను సుత్తి, ఉలితో ఒక్కో పక్క కొట్టి దించకూడదు, వంకరగా కూర్చుంటుంది, గుండ్రటి డ్రైవర్ పెట్టి చుట్టూ సమంగా దించాలి. పెదవికి గ్రీజు రాయకుండా బిగిస్తే మొదట్లోనే పాడైపోవచ్చు. గ్రీజును బేరింగు రోలర్ల మధ్య నిండుగా ఎక్కించాలి గానీ హబ్ బోలును మాత్రం నింపేయకూడదు. మూడో వంతు నుంచి సగం దాకా చాలు, పుస్తకంలో గ్రాముల లెక్క ఉంటే అదే ప్రమాణం. ఎక్కువైన గ్రీజు లోపల చిలికినట్టై వేడెక్కుతుంది, చోటు లేక సీల్‌ను నెడుతుంది. ‘నిండా పెట్టు, డబ్బులు నేనిస్తా’ అని ప్రేమతో చెప్పే ఓనర్లు ఉంటారు, అది బండికి మంచి చేయదు.

జిడ్డు తాగిన లైనర్లను మార్చాల్సిందే. పెట్రోలుతో కడగడం, మంట పెట్టి కాల్చడం చాలాచోట్ల చేస్తారు. పైకి పొడిగా కనిపిస్తుంది, ఘాట్లో వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. ఎడమ ఒక్కటే మార్చినా బండి ఒక పక్కకి లాగుతుంది, ఆ యాక్సిల్‌కి రెండు వైపులా మార్చండి. లైనర్ల ధూళిని గాలి గొట్టంతో ఊదనివ్వకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

వారంటీ విషయానికొస్తే, మీ భయం న్యాయమైనదే, బయట విప్పకండి. మళ్లీ అదే సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, ఈసారి నోటి మాటతో వదలకండి. వెళ్లే ముందే టైరు చారలు, రిమ్ము తడి, మీటరు రీడింగు ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లో ఫొటోలు తీయండి. ‘వెనక ఎడమ హబ్ నుంచి లీకు, బ్రేక్ లైనర్లు తడిసి ఉండొచ్చు, ఘాట్ రోడ్డు బండి’ అని జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ వాళ్లు పని వివరాలు రాసే కాగితంలో) రాయించండి. చూసి ఏమీ కాదంటే ఆ మాట కూడా అందులోనే రాసి సంతకం పెట్టమనండి. నా అనుభవంలో చాలామంది ఆ దగ్గర ఆగి, సరే డ్రమ్ము విప్పుదాం అంటారు. సీళ్లు, లైనర్లు అరిగే సామాన్ల కింద వారంటీలోకి రావని చెప్పొచ్చు, వారంటీ పుస్తకంలో నిజంగా అలా ఉందో లేదో అక్కడే తెరిచి చూపించమనండి. బిగింపు లోపం వల్ల సీల్ పోయిందని తేలితే దాని వల్ల పాడైన బేరింగు, లైనర్ల సంగతి కూడా అడగండి. పాత సామాను చూడకుండా బయటికి రాకండి.

అప్పటికీ వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ‘లారీ వ్యాపారానికి కొన్నది కదా, నువ్వు వినియోగదారుడివి కాదు’ అని ఎవరైనా అంటే బెదరకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, సొంతంగా పని చేసుకుని బతుకుదెరువు కోసం మాత్రమే కొన్న సరుకును వాణిజ్య అవసరంగా లెక్కించకూడదని స్పష్టంగా ఉంది. ఒక్క బండి కొని మీరే నడుపుకుంటున్నారు, మీ విషయంలో ఆ మాట గట్టిగా చెప్పుకోవచ్చు. బండికి కట్టిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు, సమస్య మొదలైన రెండేళ్ల లోపు వేయాలి. జాబ్ కార్డు అప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: మేస్త్రీగారూ, మాది కోదాడ. మా ఆయన బండి నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. పాత బండికి ఆర్నెల్లకోసారి హబ్ గ్రీజింగ్ బిల్లు వచ్చేది. కొత్త బండి కొన్నాక ‘దీనికి అక్కర్లేదు’ అంటున్నారు. డబ్బు మిగిలిందని సంతోషించాలా, అడగాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అడగండమ్మా, అడగడమే మంచిది. కొన్ని కొత్త మోడళ్లలో బేరింగు, సీల్, గ్రీజు అన్నీ ఒకే ముద్దగా ఫ్యాక్టరీలోనే బిగించి ఇస్తున్నారు, దాన్ని యూనిటైజ్డ్ బేరింగు అంటారు. దానికి గ్రీజింగ్ నిజంగానే ఉండదు. కానీ దాని నుంచి గ్రీజు కారడం మొదలైతే విప్పి గ్రీజు పెట్టి మళ్లీ వాడటం కూడా ఉండదు, మొత్తం ముద్ద మార్చాల్సిందే, అది ఖరీదైన వ్యవహారం. అందుకని వారంటీ తీరే లోపు ఒకసారి నాలుగు మూలలా హబ్బులు చూపించి బిల్లు మీద రాయించుకోండి. మామూలు టేపర్ బేరింగులైతే, గ్రీజు మంచిదై గడువు పెరిగి ఉండొచ్చు గానీ గడువంటూ ఒకటి ఉంటుంది. సర్వీసు పుస్తకం వెనక పట్టీలో హబ్ అన్న గడి ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఉందో చూసి మీ లెక్కల పుస్తకంలో రాసి పెట్టుకోండి. మీ ఆయన రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ నంబరు గుర్తుచేసే మనిషి ఇంట్లో ఉండటం చాలా మంచి విషయం.

ప్రశ్న: ఫ్యాక్టరీ గ్రీజు నీలంగా ఉంది, దుకాణంలో కూడా నీలం గ్రీజే ఇచ్చారు. కలిపి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: రంగు చూసి కలపకండి. అది వేసిన రంగే, ఏ రకం గ్రీజో అది చెప్పదు. గ్రీజులో నూనెను పట్టి ఉంచే సబ్బు లాంటి పదార్థం ఒకటి ఉంటుంది, లిథియం, కాల్షియం, పాలీయూరియా అని రకాలు. పడని రెండు రకాలు కలిస్తే ఆ పట్టు వదిలిపోయి ముద్ద నీళ్లలా జారుతుంది, కొత్త సీల్ ఉన్నా కారుతుంది. డబ్బా మీద రకమూ గ్రేడూ చదివి, పుస్తకంలో రాసినదే కొనండి. అనుమానంగా ఉంటే పాతదంతా కడిగేసి, బేరింగును బాగా ఆరనిచ్చి కొత్తది పెట్టండి. గాలి గొట్టంతో బేరింగును గిర్రున తిప్పుతూ ఆరబెట్టడం కుర్రాళ్లకి సరదా, చేయనివ్వకండి, పొడి రోలర్ల మీద గీతలు పడతాయి, రోలరు ఎగిరి కంటికి తగలొచ్చు కూడా.

ప్రశ్న: పోయిన వానల్లో వాగులో ఇరుసు మునిగేదాకా నీళ్లలో బండి దాటించాను. ఇప్పుడు ముందు చక్రం క్యాపు దగ్గర తెల్లగా నురగలా వస్తోంది. బండి కొని ఏడాది కూడా కాలేదు.
– ఒక పాఠకుడు, భద్రాచలం

జవాబు: అది నీళ్లు కలిసిన గ్రీజు. పరుగెత్తి వచ్చిన వేడి హబ్ ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని నీటిని లోపలికి పీలుస్తుంది, సీల్ ఎంత కొత్తదైనా సరే. మజ్జిగలా కనిపిస్తోందంటే లోపల తుప్పు మొదలయ్యే వేళైంది. ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకోకుండా ముందు రెండు హబ్బులూ విప్పించండి. బేరింగు రోలర్ల మీద వేలితో తడిమితే తెలియని సన్నటి నల్లమచ్చలు ఉంటాయి, వెలుతురులో తిప్పి చూడాలి. మచ్చ ఉంటే బేరింగు మార్చండి, లేకపోతే కడిగి కొత్త గ్రీజు, కొత్త సీల్. వెనక హౌసింగ్ క్రౌన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు కూడా కాస్త వదులు చేసి మొదట వచ్చే చుక్కలు గాజు సీసాలో పట్టి చూడండి, నీళ్లుంటే అడుక్కి చేరి ముందు అవే వస్తాయి.